గుడ్డేలుగు భయానికి తుపాకి మందేనా?

రామగిరి (మా విలేఖరి): గుట్టల కింద కొత్తగా ఇళ్ళు కట్టుకున్న వారి నోట, అడవి అంచున చేలున్న రైతుల నోట ఒక మాట తరచుగా వినిపిస్తుంటుంది. “ఇంట్ల ఒక తుపాకి ఉంటే బాగుండు” అని. మక్క చేను కంకి పట్టే రోజుల్లో ఈ మాట ఎక్కువవుతుంది. ఎండాకాలం ఇప్పపువ్వు రాలేటప్పుడు మరీ ఎక్కువవుతుంది. ఏ తుపాకి కొనాలి? లైసెన్సు దొరుకుతుందా? ఎలుగును కాలిస్తే కేసవుతుందా? అసలు తుపాకి ఉంటే ఎలుగు బారి నుంచి బతుకుతామా? ఈ నాలుగు ప్రశ్నలకు టీ హోటళ్ళ దగ్గర నలభై జవాబులు దొరుకుతాయి. వాటిలో చాలా వరకు తాతల నాటివి. కొన్నయితే నమ్మినవాణ్ణి నేరుగా జైలుకు పంపేవి.

రామగిరి ఖిల్లా ఉన్న గుట్టలు మూలికలకు పేరు పడినవి. ఆయుర్వేదం చదివే విద్యార్థులు వనమూలికలు చూడడానికి దూరప్రాంతాల నుంచి ఇక్కడికి వస్తారు. ఆ గుట్టలకు ఎదురుగానే సింగరేణి వారి ఓపెన్‌కాస్టు గనులు, అడ్రియాల భూగర్భ గని, సెంటినరీ కాలనీ. గనుల్లో కొలువుకు వచ్చినవారు, గనుల కింద భూములు పోయి పరిహారంతో మరోచోట గుంటో ఎకరమో కొనుక్కున్నవారు అడవి పక్కకు చేరుతున్నారు. మైదానంలో పుట్టి పెరిగిన ఇటువంటి కుటుంబాలకు అడవి పద్ధతి తెలియదు. ఏ వేళకు ఏ బాటన పోరాదో చెప్పే ముసలివాళ్ళు వెంట ఉండరు. తుపాకి కావాలన్న మాట ఎక్కువగా వస్తున్నది వీరి దగ్గరినుంచే. పాత ఊళ్ళవారు ఆ మాట వింటే నవ్వుతారు.

రాతి గుట్టలు, బండల సందున గుహలు, చెదల పుట్టలు, తునికి, రేగు, నేరేడు, ఇప్ప చెట్లు కలిసి ఉన్నచోటు ఎలుగుకు ఇష్టమైన చోటు. పాత కరీంనగర్ జిల్లా అంతా ఇటువంటి గుట్టలే. 2023లో కరీంనగర్ శివారున రేకుర్తిలో ఇళ్ళ మధ్యకే ఎలుగు వచ్చింది. దానిని మత్తుమందు సూదితో పట్టవలసి వచ్చింది. పట్నం శివారుకే వచ్చిన జంతువు అడవి అంచు చేనుకు రాదని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

ఎలుగు స్వభావం

తుపాకి సంగతికి పోయేముందు ఎదుటి జంతువు ఎటువంటిదో తెలియాలి. మన ప్రాంతంలో గుడ్డేలుగు అంటారు. చూపు మందమన్న సంగతి పేరులోనే ఉన్నట్టున్నది. వినికిడి కూడా అంతంతమాత్రమే. ముక్కు మాత్రం బహు చురుకు. మగది 80 నుంచి 145 కిలోల వరకు తూగుతుంది, ఆడది 55 నుంచి 100 కిలోల వరకు. తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు, ఇప్పపువ్వు. మక్కలు, పల్లికాయ దొరికితే వదలదు. మనిషిని తినడానికి రాదు.

మరి ఎందుకు మీద పడుతుంది? బెదిరి. పుట్ట తవ్వుకుంటూ తల లోపల పెట్టిన ఎలుగుకు మనిషి అడుగుల చప్పుడు సరిగా వినబడదు. తల ఎత్తేసరికి మనిషి పది అడుగుల దూరంలో ఉంటాడు. పులి అయితే పక్కకు తప్పుకుంటుంది. ఎలుగు తప్పుకోదు. ఎదురు పడ్డదాని మీదికే దూకుతుంది. పిల్లలను వీపున మోసుకుని తిరిగే తల్లి అయితే చెప్పనక్కరలేదు. నిలబడి ముందు కాళ్ళతో కొడుతుంది. దెబ్బ ముఖానికి, నెత్తికి తగులుతుంది. బతికినవారు కూడా కన్నో, ముక్కో, దవడో పోగొట్టుకుని బతుకుతారు. పెండ్లి కావలసిన పిల్లకు ఆ దెబ్బ తగిలితే ఆ ఇంటికి ఎంతటి కష్టమో వేరే చెప్పాలా?

మధ్యప్రదేశ్‌లో 1989 ఏప్రిల్ నుంచి 1994 మార్చి వరకు ఎలుగుల వల్ల గాయపడినవారిని, చనిపోయినవారిని లెక్కగట్టారు. మొత్తం 735 మంది. అందులో చనిపోయినవారు 48 మంది. వేటకు పోయి దెబ్బ తిన్నవారు కారు వీరు. అధిక భాగం పెరట్లో, చేలో, ఊరి పక్క అడవిలో బహిర్భూమికి పోయినవారు, అడవి సరుకు ఏరుకోను పోయినవారు. చేతిలో చెంబో గంపో ఉన్న సమయాన దాడి జరిగిందన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకుని తుపాకుల వివరం చూద్దాము.

ఏ తుపాకి?

లైసెన్సు మీద సామాన్యుడికి అందుబాటులో ఉన్నవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకి. మనవాళ్ళు భర్మారు అంటారు. మందు పోసి, గుడ్డపేలిక కూరి, రవ్వలు వేసి, మళ్ళీ కూరి, అప్పుడు పేల్చాలి. ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బకు మళ్ళీ మొదటినుంచి రావాలి. అందుకు చేయి తిరిగినవాడికి కూడా నిమిషం దాకా పడుతుంది. వానాకాలం మందు చెమ్మగిల్లితే తుస్సుమంటుంది. మక్క చేనుకు కావలి కాసేది వానాకాలంలోనే కదా! పందులను, కోతులను చప్పుడుతో బెదిరించడానికి ఇది పనికి వస్తుంది. ఎలుగు మీదికి మాత్రం పనికిరాదు. ఒక్క దెబ్బతో రవ్వలు దాని జూలులో చిక్కుకుంటే ఊరికే పోయే ఎలుగు కూడా తిరగబడుతుంది.

రెండవది పన్నెండు బోరు తుపాకి. ఒక గొట్టంది, రెండు గొట్టాలది ఉంటాయి. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారైనవి వాడకంలో ఎక్కువ. ఆ కర్మాగారాలను 2021లో ఏడు కంపెనీలుగా విడదీశారు. తుపాకి నడిచేది తూటాను బట్టి. పిట్టలకు వాడే సన్న రవ్వల తూటా ఎలుగు మీద వాడడం కంటే తెలివితక్కువ పని ఉండదు. పెద్ద గుళ్ళ తూటా, ఎల్జీ అంటారు, దగ్గరి దూరాన గట్టిగా పని చేస్తుంది. ఒంటి గుండు తూటా ఇంకా లోతుకు పోతుంది. ముప్పై నలభై గజాలు దాటితే రెండింటికీ పట్టు తగ్గుతుంది. మూడు రకాల్లో ఊరి పక్కన ఉంచుకోదగినది ఏదైనా ఉంటే ఇదే. తెరిచి చూడగానే తూటా ఉన్నదీ లేనిదీ కనబడుతుంది, గొట్టం తెరిచి ఉంచితే పేలదు. ఇంట్లో పిల్లలున్నవారికి అది చిన్న సంగతి కాదు.

మూడవది రైఫిలు. మన దేశంలో వేటగాళ్ళ దగ్గర పాతకాలం నుంచి ఉన్నది .315 బోరు. .30-06 కూడా ఉన్నది. గొట్టం లోపల మర ఉండడం వల్ల గుండు తిన్నగా, దూరంగా పోతుంది. దెబ్బ బలంలో పన్నెండు బోరును మించుతుంది. అయితే ఊరి పక్కన దీని బలమే దీని దోషం. గురి తప్పిన రవ్వ కొంత దూరాన నేల రాలుతుంది. గురి తప్పిన రైఫిలు గుండు మైలు దాటి పోగలదు. చేను అవతల బర్లు కాసే పిల్లగాడు ఉండవచ్చు, గని రోడ్డు మీద షిఫ్టు దిగి వస్తున్న కార్మికుడు ఉండవచ్చు. చీకట్లో చప్పుడు వినబడిన వైపు రైఫిలు పేల్చేవాడికి లైసెన్సు ఇవ్వరాదని ఈ విలేఖరి అభిప్రాయం.

ఇంతవరకు తుపాకి బలం గురించి. ఇప్పుడు చిన్న లెక్క. గుడ్డేలుగు చూడడానికి మందంగా కనబడినా గంటకు 30 కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలదు. అంటే క్షణానికి ఎనిమిది తొమ్మిది గజాలు. ఇరవై గజాల దూరాన అది కనబడి మీదికి వస్తే మనిషికి చిక్కేది రెండు మూడు క్షణాలు. ఆ వ్యవధిలో భుజాన ఉన్న తుపాకి దించాలి, తూటా ఉన్నదో లేదో గుర్తు చేసుకోవాలి, మడమ భుజానికి ఆనించాలి, ఎగురుకుంటూ వచ్చే నల్లటి ముద్దలో నెత్తి ఎక్కడున్నదో చూడాలి. గుబురు చెట్ల మధ్య ఇరవై గజాలు కూడా కనబడదు. సంవత్సరానికి రెండు తూటాలు కూడా కాల్చి చూడని మనిషికి ఇది సాధ్యమేనా? గాయపడిన ఎలుగు పొదలో దూరితే దాన్ని వెతకబోయేవాడి గతి ఇంకా అధ్వాన్నం.

2016 మార్చిలో ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్ జిల్లాలో ఒక ఎలుగు ముగ్గురిని చంపింది. ఆ ముగ్గురిలో ఒకరు అటవీశాఖ డిప్యూటీ రేంజరు. చివరకు పోలీసులు దాన్ని తుపాకులతో కాల్చి చంపవలసి వచ్చింది. అడవిలో తిరగడమే ఉద్యోగమైనవారికే తప్పించుకోవడం కష్టమైంది.

చట్టం ఏమంటున్నది

“తాతకు తుపాకి ఉండె, నాకెందుకు ఇయ్యరు?” అని అడిగేవారున్నారు. తాత కాలం వేరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అంతకుముందు వేటకు అనుమతులుండేవి. చట్టం వచ్చిన తరువాత కూడా కొన్ని జంతువులకు లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. నేడు సరదా వేట అన్నది ఈ దేశంలో లేదు. కనుక వేట తుపాకి కావాలని దరఖాస్తులో రాస్తే ఆ కారణం నిలబడదు.

మన జిల్లాలో తుపాకులు తగ్గడానికి మరో కారణం కూడా ఉన్నది. 1980 దశకంలో లైసెన్సు తుపాకులున్న ఇళ్ళకు నక్సలైట్లు వచ్చి వాటిని ఎత్తుకుపోయేవారు. తుపాకి ఉండడమే ఇంటికి ప్రమాదమయింది. పోలీసు స్టేషన్లో అప్పగించినవారు చాలామంది మళ్ళీ తెచ్చుకోలేదు.

1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం పంట కాపుదలకు మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు అడగవచ్చు. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి నమ్మకం కుదిరితే మర లేని గొట్టమున్న వేరే తుపాకికి ఇవ్వవచ్చు. ఆత్మరక్షణకు అడిగే తుపాకి గొట్టం 20 అంగుళాలకు తగ్గరాదు. పోలీసు విచారణ తప్పనిసరి. 2016 నాటి నిబంధనల మేరకు తుపాకి పట్టడం, దాచడం, పేల్చడం నేర్చుకున్నట్టు శిక్షణ పత్రం, ఆరోగ్య పత్రం కావాలి. ఇంట్లో ఎక్కడ భద్రపరుస్తారో చెప్పాలి. 2019 సవరణ తరువాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. లైసెన్సు గడువు మూడు సంవత్సరాల నుంచి అయిదుకు పెరిగింది.

మన ప్రాంతానికి వర్తించే మరో నిబంధన ఉన్నది. గోదావరి ఒడ్డున మొసళ్ళకు పేరుపడిన శివ్వారం అభయారణ్యం మంథని దగ్గరే. అభయారణ్యం హద్దుకు 10 కిలోమీటర్ల లోపు ఉన్న ఊళ్ళలో కొత్త తుపాకి లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకుని సమ్మతి ముందుగా కావాలి. ఆ హద్దులోపల ఉన్నవారు ఈ సంగతి తెలియక దళారులకు డబ్బులు పోయవద్దు.

ఇంత కష్టపడి తెచ్చుకున్న తుపాకిని ఎన్నికలు వచ్చినప్పుడు పోలీసు స్టేషన్లో అప్పగించవలసి ఉంటుంది. ఎన్నికలని ఎలుగుకు తెలియదు.

లైసెన్సు లేకుండా నాటు తుపాకి చేయించుకున్నవారి సంగతి వేరు. దగ్గర ఉంచుకున్నందుకే రెండు సంవత్సరాల నుంచి అయిదు సంవత్సరాల వరకు జైలు. తయారు చేసినవాడికి ఇంకా పెద్ద శిక్ష. పోనీ అని ఊరుకునే నేరం కాదిది.

ఎలుగును చంపితే? గుడ్డేలుగు చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, పులితో సమానం. వేటాడి చంపితే మూడు సంవత్సరాల నుంచి ఏడు సంవత్సరాల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. అయితే తనను గానీ ఇంకొకరిని గానీ కాపాడుకోవడానికి సద్బుద్ధితో చంపినా, గాయపరచినా నేరం కాదని అదే చట్టం 11వ సెక్షను చెబుతున్నది. ఈ మాట చాలామంది వినే ఉన్నారు. దాని కింద ఉన్న షరతు మాత్రం వినలేదు. ఆ సమయాన ఆ మనిషి అదే చట్టానికి విరుద్ధమైన పని చేస్తూ ఉంటే ఈ రక్షణ అతనికి వర్తించదు. కుందేళ్ళకు ఉచ్చులు పెట్టి చూడబోయినప్పుడు ఎలుగు ఎదురై దాన్ని కొట్టి చంపితే ప్రాణరక్షణ అని చెప్పుకునే వీలు లేదు. పైగా ప్రాణరక్షణకు చంపిన జంతువు కూడా ప్రభుత్వ ఆస్తి. గోళ్ళు తీసి తాయెత్తుకు ఇచ్చినా, కొవ్వు తీసి నొప్పుల మందుకు దాచినా కొత్త కేసే.

అడవి పందుల సంగతి దీనితో కలపరాదు. పంటలు పాడు చేసే పందులను కాల్చడానికి అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వం 2021లో సర్పంచులకు ఇచ్చింది. కాల్చవలసింది ఎవరు పడితే వారు కాదు, గుర్తింపు పొందిన షూటర్లు. కరెంటు తీగలు, ఉచ్చులు, విషం, మందుగుండు పనికిరావు. పంది కోసం చేను చుట్టూ కరెంటు తీగ కట్టే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. ఆ తీగకు పందికంటె ముందు పక్క చేను రైతు తగులుతున్నాడు. రాత్రి మోటరు వేయబోయి తమ్ముడు పెట్టిన తీగకు అన్న పోయిన ఇళ్ళు తెలంగాణలో ఉన్నాయి. ఎలుగు ఒక్కొక్క ఊరికి ఎప్పుడో వస్తుంది. తీగ మాత్రం ప్రతి రాత్రీ ఉంటుంది.

ఉత్తరాన మనవాళ్ళ సంగతి

గోదావరిఖని, మంథని ప్రాంతాల పిల్లలు ఎందరో అమెరికా, కెనడా చేరారు. కొందరు బాగా ఉత్తరానికి పోతున్నారు. అక్కడ అడవి అంచున ఇల్లు దొరికితే మొదటి ప్రశ్న మన ప్రశ్నే. ఆ ఎలుగులు మన ఎలుగులు కావు. అలాస్కాలోని కోడియాక్ దీవుల మగ ఎలుగు 600 కిలోలు దాటుతుంది. ఆ ఎలుగుల మీదికి రైఫిలయితే .30-06 కంటె తక్కువది వద్దని, .300 మాగ్నం రైఫిలు గానీ గుండు తూటా వేసిన పన్నెండు బోరు గానీ తగినవని, .44 మాగ్నం వంటి పెద్ద పిస్తోళ్ళు కూడా చాలకపోవచ్చునని అక్కడి వేట, చేపల శాఖ వారు చెబుతారు. అక్కడ కూడా పన్నెండు బోరుకే గౌరవం ఉన్నదన్న మాట.

అమెరికాలో తుపాకులు అంగట్లో దొరుకుతాయని మనవాళ్ళు అనుకుంటారు. నిజమే గానీ, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నది. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ నిషేధం లేదు. కెనడాలో భద్రతా శిక్షణ పూర్తి చేసి లైసెన్సు పొందాలి. పిస్తోళ్ళ అమ్మకం, బదిలీలను అక్కడి ప్రభుత్వం 2022 అక్టోబరులో నిలిపివేసింది. నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల్లో ఊరు దాటి పోయేవారు తెల్ల ఎలుగును బెదిరించి తరిమే సాధనం వెంట తీసుకుపోవాలని చట్టమే ఉన్నది. తుపాకి కూడా ఉంచుకోవాలని అక్కడి గవర్నరు కార్యాలయం సలహా ఇస్తుంది.

అలాస్కాలో ప్రాణరక్షణకు ఎలుగును చంపవచ్చు. చంపినవాడు తోలు, పుర్రె తీసి ప్రభుత్వానికి అప్పగించాలి. మన 11వ సెక్షనుకు ఇది చుట్టమే.

ఆ దేశాల పరిశోధకులు టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తమ తోటివారితో కలిసి చేసిన రెండు పరిశీలనలు మనకు కూడా పనికొచ్చేవి. 2012లో వచ్చిన దానిలో 1883 నుంచి 2009 వరకు అలాస్కాలో తుపాకి చేత ఉన్నవారికి ఎలుగు ఎదురైన 269 ఘటనలు చూశారు. తుపాకి వాడినవారికీ, దగ్గర ఉండి కూడా వాడనివారికీ గాయాల్లో తేడా కనబడలేదు. కాల్చే వ్యవధి లేకపోవడం, తుపాకి పట్టివేయడం, ఎలుగు మరీ దగ్గరకు వచ్చేయడం వంటివి కారణాలు. 2008లో వచ్చిన మరో పరిశీలనలో మిరప ఘాటుతో చేసిన స్ప్రే వాడిన 83 ఘటనలు చూశారు. గోధుమరంగు ఎలుగుల విషయంలో నూటికి 92 సార్లు స్ప్రే పని చేసింది. దగ్గరికి వచ్చిన ఎలుగు మీద స్ప్రే కొట్టినవారిలో నూటికి 98 మందికి దెబ్బ తగలలేదు. ఆ ఘటనల్లో ఎలుగు ఊరికే వాసన చూడవచ్చినవి కూడా కలిసి ఉన్నాయి, ఆ ఎలుగుల జాతి వేరు, కనుక ఆ లెక్క మన గుడ్డేలుగుకు యథాతథంగా వర్తిస్తుందనలేము. అయినా తుపాకుల దేశంలోనే తుపాకికి వచ్చిన మార్కులు ఇవి అని మాత్రం చెప్పుకోవచ్చు. ఆ స్ప్రే పెద్ద డబ్బా, పాతిక ముప్పై అడుగుల దూరం మేఘంలా పోతుంది. మన బజార్లో ఆడపిల్లల రక్షణకు అమ్మే చిన్న డబ్బా దానికి సరితూగదు. గాలి ఎదురుగా ఉంటే కళ్ళు మండేది మనకే.

గుంపు పోయి కొట్టడం

తుపాకి లేనిచోట ఊరంతా కర్రలతో పోదామంటారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జరిగినది తెలుసుకోవాలి. అక్కడ జీడి, కొబ్బరి తోటలు. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. జనం ఆ ఎలుగును కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతును చంపిన ఎలుగు, మరునాడు మరికొందరిని గాయపరచింది. మత్తు సూదితో పట్టి విశాఖపట్నం తరలించగా ఆ ఎలుగు కూడా చనిపోయింది. చుట్టుముట్టిన జంతువుకు దారి లేదు. దారి లేని ఎలుగు మనుషుల మధ్య నుంచే దారి చేసుకుంటుంది. ఊళ్ళోకి వస్తే పిల్లలను, పశువులను లోపల పెట్టి, అడవి వైపు దారి వదిలి, అటవీశాఖకు కబురు చేయడం మేలు.

చేతిలో ఏమి ఉండాలి?

పాత ఊళ్ళవారు తుపాకి మాటకు ఎందుకు నవ్వుతారో వారి నడకను చూస్తే తెలుస్తుంది. తునికాకుకు పోయే ఆడవాళ్ళు ఒంటరిగా పోరు. నలుగురైదుగురు కలిసి గట్టిగా మాట్లాడుకుంటూ, అప్పుడప్పుడు కేక వేసుకుంటూ పోతారు. “నోరు మూసుకోని పోతే ఎలుగు నోట్ల వడతవు, పిల్లా” అని ముసలమ్మలు కసురుతారు. చూపు, వినికిడి మందమైన జంతువుకు మనం వస్తున్నామని దూరం నుంచే తెలియజేయడం ఇందులోని కిటుకు. కర్రకు కట్టిన పశువుల గంట కూడా ఈ పని చేస్తుంది. చెవుల్లో సెల్‌ఫోను పాటలు పెట్టుకుని పోయే కుర్రవాళ్ళకు ఈ మాట ఎవరైనా చెప్పాలి.

ఇప్పపువ్వు తెల్లవారకముందు రాలుతుంది. ఎలుగూ అదే వేళకు చెట్టు కిందికి వస్తుంది. చీకటితో పోటీపడి పోయేకంటె, బాగా తెల్లవారినాక పోతే తట్టెడు పువ్వు తగ్గుతుందేమో, అంతే. చేను కావలికి మంచె ఎత్తున ఉండాలి, చేతిలో వెలుతురు బాగా ఇచ్చే టార్చి ఉండాలి. డబ్బా కొట్టడం, టపాకాయ కాల్చడం దూరాన ఉన్నప్పుడు పనికి వస్తాయి. పుట్టల పక్కన, గుహల దగ్గర మధ్యాహ్నం నీడకు పడుకోరాదు. ఇంట్లో మరుగుదొడ్డి ఉండి కూడా చెంబు పట్టుకుని గుట్టకు పోయేవారికి పైన చెప్పిన 735 మంది లెక్క ఒకసారి చదివి వినిపించాలి.

ఎదురుపడితే పరుగెత్తవద్దు. అది మనకంటె వేగం. చెట్టు ఎక్కుదామనుకుంటే అది కూడా ఎక్కుతుంది. దూరాన ఉంటే ముఖం దానివైపే ఉంచి మెల్లగా వెనక్కు నడవాలి. మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతుల వేళ్ళు మెడ వెనుక పెనవేసి, ముఖం నేలకు ఆనించి కదలకుండా ఉండాలి. ముఖం, గొంతు దక్కించుకోవడమే ఆ కాసేపటి పని. అది దూరంగా పోయిందని తెలిసేవరకు లేవరాదు.

దెబ్బ తగిలినవారిని మూలికల కట్టుతో ఇంట్లో ఉంచరాదు. పసుపు, సున్నం, ఆకు పసరు గాయంలో పెట్టవద్దు. ధారగా నీళ్ళు, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ అదిమి కట్టి గోదావరిఖని గానీ, పెద్దపల్లి గానీ, ఏది దగ్గరైతే ఆ ఆసుపత్రికి చేర్చాలి. ధనుర్వాతం సూది తప్పనిసరి. కుక్క కాటుకు వేసే రేబిసు టీకా ఎలుగు కాటుకు, గోటి గాయానికి కూడా వేయించాలి. ఈ సంగతి తెలియక కుట్లు వేయించుకుని ఇంటికి వచ్చేవారున్నారు, డాక్టరును అడిగి మరీ వేయించుకోవాలి. అటవీశాఖ ఇచ్చే పరిహారానికి ఆసుపత్రి కాగితం, అటవీ అధికారుల విచారణ అవసరమవుతాయి. కనుక గాయపడిన రోజే బీటు అధికారికి గానీ సెక్షను అధికారికి గానీ కబురు అందించి, దాడి జరిగిన చోటును తొక్కిడి కాకుండా వారికి చూపించాలి.